బల్ల దగ్గర ఎవరి జ్ఞాపకం?

మతిమరుపు జబ్బు ముదిరిన విశ్వాసికి ప్రభురాత్రి భోజనం ఇవ్వవచ్చా? సాహిత్యంలో డాక్టరేటు చేసిన నాకు ఈ ప్రశ్న పుస్తకాల్లోంచి రాలేదు. 84 ఏళ్ల మా అమ్మమ్మ మిషన్ బడిలో టీచరుగా చేసి రిటైరైంది. ఇప్పుడామెకి కూతురెవరో కోడలెవరో తెలీదు. నెలకోసారి ఇంటికొచ్చే అయ్యగారు “తానేం తీసుకుంటోందో ఆమెకి తెలియదు కదమ్మా” అని ప్రార్థన మాత్రం చేసి వెళ్తున్నారు.

ఆయన మాటకి ఆధారం లేకపోలేదు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయంలో, ఎవరికి వారు తమను పరీక్షించుకున్నాకే రొట్టె తినమంటాడు పౌలు. అయితే అదే అధ్యాయంలో ఆయన కోపమంతా దేనిమీద? ఉన్నవాళ్లు ముందే తినేసి, లేనివాళ్లని ఆకలితో కూర్చోబెట్టడం మీద. పక్కమనిషిని లెక్కచెయ్యని తనాన్ని తిట్టిన మాటనే, పక్కమనిషిని బల్ల దగ్గరికి రానివ్వకపోవడానికి వాడుతున్నాం. పైగా మాది పసిబిడ్డలకి బాప్తిస్మం ఇచ్చే సంఘం. లూథరన్లూ సి.ఎస్.ఐ. వాళ్లూ కూడా అంతే. నెలల బిడ్డకేం తెలుసని అక్కడెవరూ అడగరు, కృపకి తెలివితో పనిలేదంటారు. ఆ తర్కం ఎనభై దాటాక ఎందుకు చెల్లదో నాకర్థం కాదు.

అసలు ‘తెలియడం’ అంటే ఏమిటి? అల్జీమర్స్‌లో సాధారణంగా ముందు పోయేవి కొత్త సంగతులు. ఏళ్ల తరబడి ఒంటికి అలవాటైన పనులూ పాటలూ చాలామందిలో ఎక్కువ కాలం నిలుస్తాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. అమ్మమ్మకి రాగం పేరు పోయింది. అత్తయ్య పల్లవి ఎత్తుకుంటే చాలు, తాళం మాత్రం తొడమీద తప్పకుండా పడుతుంది. చరణం చివరికొచ్చేసరికి మాటలూ వస్తాయి. గుడికి వెళ్లడం ఎప్పుడో మానేసిన నేను కూడా పక్కన కూర్చుని పాడతాను, ఆమేన్ అంటాను. అది అబద్ధమని నాకు అనిపించదు.

పేరు దగ్గర చిక్కొచ్చింది. బాప్తిస్మపు పేరుతో పిలిస్తే ఆమె పలకడం లేదు. తొమ్మిదో ఏట ఇంటిల్లిపాదీ బాప్తిస్మం తీసుకున్నప్పుడు వదిలేసిన పేరుకి, ఊరి అమ్మవారి పేరుకి, పలుకుతోంది. మామయ్యకి అది సుతరామూ నచ్చదు. ఆయన బాధ మతానికి సంబంధించింది మాత్రమే కాదు. మాదిగపల్లెలో ఆ పాత పేరుని ‘ఒసే’ చేర్చి పిలిచినవాళ్లెవరో ఆయనకి గుర్తుంది. కొత్త పేరుతోనే ఆమె టీచరమ్మగారైంది. మనిషి తెలివిగా ఉన్నప్పుడు కోరుకున్నదే చివరిదాకా చెల్లాలని రోనాల్డ్ డ్వార్కిన్ 1993లో వాదించాడు. ఇప్పుడీ మంచం మీదున్న మనిషి సుఖదుఃఖాలే ముఖ్యమని రెబెకా డ్రెస్సర్ జవాబిచ్చింది. నేను డ్రెస్సర్ వైపే. కానీ కులం పేరులో కూడా దాక్కుని ఉండే చోట ఆ వైపు నిలబడడం అంత తేలిక కాదు. ప్రస్తుతానికి ‘టీచరమ్మా’ అంటున్నాం. దానికీ పలుకుతోంది.

మనిషి తన్ను తాను మరిచినా దేవుడు మరవడని జాన్ స్వింటన్ 2012లో ఒక పుస్తకమే రాశాడు. నాకు ఇష్టమైన పుస్తకం. మా ఇంట్లో మాత్రం దేవుడి జ్ఞాపకం అత్తయ్య నడుంనొప్పి మీదుగానే లోపలికి వస్తోంది. అయ్యగారి పది నిమిషాలు ఆత్మీయ సేవ. స్నానం, పక్కబట్టలు, పాట పాడుతూ ముద్ద మింగించడం - ఇవన్నీ ఇంటిపని! స్త్రీల సమాజం వంతులేసుకుని ఆదివారం ఒక పూట అమ్మమ్మ దగ్గర కూర్చోవచ్చు. ఈ మాట నేనే వెళ్లి అడిగాను, చూద్దామన్నారు.

అత్తయ్య గుడి మెట్లెక్కి రెండేళ్లయింది. బల్ల కూడా అప్పట్నుంచీ లేదు. ఆమెకి మతి బాగానే ఉంది కాబట్టి, ఆమె గురించి ఎవరికీ ఏ సందేహమూ రాలేదు.