వేషధారి, సాక్షి: క్రైస్తవ నాటక పరిచర్యలో నటుని సత్యం

తెలుగు బైబిలులో యేసు అతి తీవ్రంగా మందలించినవారికి అనువాదకులు ఎన్నుకొన్న పేరు ‘వేషధారులు’. మత్తయి సువార్త 23వ అధ్యాయంలో శాస్త్రులను, పరిసయ్యులను ఉద్దేశించి ఈ సంబోధన పదేపదే వినిపిస్తుంది. గ్రీకు మూలంలోని ‘హుపోక్రితేస్’ అన్న మాటకు రంగస్థల నటుడనే అర్థం అప్పటికే వాడుకలో ఉంది. ఆ విధంగా చూస్తే తెలుగు అనువాదం మూలానికి చాలా దగ్గరగా నిలిచింది. అయితే తెలుగు సంస్కృతిలో వేషం కట్టడం స్వతహాగా నింద్యం కాదు. వీథినాటకంలో, యక్షగానంలో, పగటివేషాల్లో వేషమే కళ, వేషమే జీవిక. ఒకే మాట ఒక గ్రంథంలో తిట్టుగా, ఒక రంగస్థలంపై వృత్తినామంగా వినిపించే భాషలో క్రీస్తు పాత్ర ధరించే విశ్వాసి స్థితి ఏమిటి? ఆయన వేషధారియా, సాక్షియా?

సువార్తను నాటకంగా ప్రదర్శించే పనిని క్రైస్తవ సంఘాలు ‘పరిచర్య’గా పరిగణిస్తాయి. పరిచర్య అన్న తరువాత అది నైపుణ్యంతో ముగియదు. నటుడు ప్రార్థనతో సిద్ధపడాలి, పాత్ర పలికే మాటలను తన జీవితంలో నిజం చేసుకోవాలి, ప్రదర్శన ఆయన సాక్ష్యం కావాలి. ఈ నియమానికి వెనుక పాత భయం ఒకటుంది. క్రీ.శ. 200 ప్రాంతంలో కార్తేజికి చెందిన తెర్తుల్లియన్ ‘ప్రదర్శనల గురించి’ అన్న లాటిన్ గ్రంథంలో నాటకాన్ని నిరాకరించాడు. సత్యానికి కర్త అయిన దేవుడు కృత్రిమమైన దేనినీ మెచ్చడనీ, తనది కాని కంఠాన్నీ, వయస్సునీ, కోపతాపాలనూ అభినయించడం కల్లేననీ ఆయన వాదం. నటుడు నిజంగా విశ్వసిస్తే ఆ కల్ల తొలగిపోతుందని నాటక పరిచర్య ఆయనకు ఇచ్చే సమాధానం. పైకి ఇది తృప్తికరంగానే కనిపిస్తుంది. కాని ఈ సమాధానం తెర్తుల్లియన్ ప్రమాణాన్ని త్రోసిపుచ్చడం లేదు, దానినే అంగీకరిస్తున్నది. నటన అబద్ధం కాకుండా ఉండాలంటే అది నటన కాకుండా పోవాలని ఒప్పుకొంటున్నది.

ఈ వాదానికి దృష్టాంతంగా చెప్పదగినది సంత జెనీసియస్ కథ. రోమను చక్రవర్తి డయొక్లీషియన్ ఎదుట క్రైస్తవ బాప్తిస్మాన్ని వెక్కిరిస్తూ ప్రదర్శిస్తున్న ఒక నటుడు నడుమనే నిజంగా విశ్వాసి అయి, ఆ మాట ప్రకటించి ప్రాణం పోగొట్టుకొన్నాడని ఐతిహ్యం. నేటికీ ఆయన నటుల పాలక పునీతుడు. చారిత్రకత సందేహాస్పదమైనా కథలోని తర్కం గమనింపదగినది. జెనీసియస్ సాక్షి అయిన క్షణంలో నాటకం ఆగిపోయింది. ఆయన పాత్రనుండి బయటకు వచ్చి, తన సొంత గొంతుతో, వినేవారికి సందేహం మిగలకుండా మాట్లాడాడు. నటనే సాక్ష్యమనే వాదాన్ని ఈ కథ బలపరచదు. రెండింటి నడుమ ఉన్న గడపను చూపుతుంది.

నటనే సాక్ష్యమన్న సూత్రానికి అసలు చిక్కు క్రీస్తు పాత్రతో రాదు, ఇస్కరియోతు యూదాతో వస్తుంది. శ్రమల నాటకానికి యూదా కావాలి, హేరోదు కావాలి, మేకులు కొట్టే సైనికుడు కావాలి. క్రీస్తు వేషధారి తన విశ్వాసాన్ని అభినయిస్తున్నాడంటే, యూదా వేషధారి అభినయిస్తున్నది దేనిని? అతడూ అదే ప్రార్థనలో పాల్గొని, అదే తెర వెనుకనుండి వచ్చినవాడు. ముప్పై వెండి నాణెములను ఎంత సహజంగా అందుకొంటే అతని పరిచర్య అంత సఫలం. ఇక్కడ హృదయానికీ పాత్రకూ ఏకత్వం కోరడం అసాధ్యం, కోరితే ఘోరం. కీచకుని వేషం రక్తి కట్టించినవాణ్ణి తెలుగు ప్రేక్షకుడు కీచకుడనుకోడు. యూదా విషయంలో ఇంత సులభంగా మంజూరయ్యే దూరాన్ని క్రీస్తు వేషధారికి నిరాకరించడానికి తాత్త్వికమైన ఆధారం కనబడదు.

ఈ దూరాన్ని భారతీయ అలంకారశాస్త్రం చాలాముందే ఆలోచించింది. రససూత్ర వ్యాఖ్యాతల్లో శంకుకుడు చెప్పిన చిత్రతురగన్యాయం సుపరిచితమే. పటంలోని గుర్రాన్ని చూసి గుర్రమనుకొనే బుద్ధి సమ్యక్ జ్ఞానం కాదు, మిథ్యాజ్ఞానం కాదు, సంశయం కాదు, సాదృశ్యబుద్ధీ కాదు. నటునియందు రామబుద్ధి ఈ నాలుగింటికీ విలక్షణమైనది. తెర్తుల్లియన్ లెక్కలో సత్యం, అసత్యం అనే రెండు గదులే ఉన్నాయి. శంకుకుని లెక్కలో వాటికి వెలుపల ఒక చోటు ఉంది, నటుడు అక్కడ నిర్దోషిగా నిలబడగలడు. శంకుకుని అనుకరణవాదాన్ని ఖండించిన అభినవగుప్తుడు సైతం రసాస్వాదం నటునిలో ఉందనలేదు. నటుడు ఆస్వాదానికి ఉపాయం మాత్రమేననీ, అందుకే అతణ్ణి ‘పాత్ర’ అంటారనీ, మద్యం రుచి గిన్నెకు తెలియదనీ ఆయన వివరణ. విశ్వాసికి ఈ పోలికలోని పానీయం రుచించకపోవచ్చు గాని పోలిక మాత్రం అపరిచితం కాదు. కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రికలో పౌలు తనవంటి పరిచారకులను ఐశ్వర్యం దాచిన మట్టి ఘటాలతో పోల్చాడు. ఘటం గొప్పతనం అక్కడా ప్రసక్తం కాదు.

సంఘచరిత్రలో దీనికి సమాంతరమైన వివాదం ఉంది. హింసాకాలంలో తడబడిన బిషప్పులు ఇచ్చిన సంస్కారాలు చెల్లవని ఉత్తర ఆఫ్రికాలో దొనాతువాదులు వాదించినప్పుడు, బాప్తిస్మం ఇచ్చేవానిది కాదు, క్రీస్తుది అని అగస్తీను బదులిచ్చాడు. గురువునుండి కోరని హృదయపరీక్షను నటునినుండి కోరడం వింతే. అయితే ఈ పోలికను ఎక్కువ దూరం లాగరాదు. సంస్కారానికి దైవవాగ్దానం ఉందని సంఘం నమ్ముతుంది. నాటకానికి అటువంటి వాగ్దానం ఏదీ లేదు. కనుక నటుని అంతరంగాన్ని పరీక్షనుండి విడిపించినంత మాత్రాన నాటకం బాధ్యతనుండి విడుదల కాదు. ఆ బాధ్యత ప్రేక్షకుని వైపు మళ్ళుతుంది.

1978లో వచ్చిన ‘కరుణామయుడు’ చిత్రంలో విజయచందర్ క్రీస్తు పాత్ర పోషించారు. ఆ చిత్రం ఇతర భారతీయ భాషల్లోకి వెళ్ళి, గ్రామాల్లో సువార్త ప్రదర్శనలకు విస్తారంగా వినియోగపడింది. అదే నటుడు 1986లో ‘శ్రీ షిరిడీ సాయిబాబా మహత్యం’లో సాయిబాబాగా కనిపించారు. పాత్రకూ నటునికీ ఏకత్వాన్ని కోరే సూత్రం ప్రకారం ఈ రెండింటిలో ఒకటి వంచన కావాలి. ప్రేక్షకులు అలా భావించలేదు. వేషమని తెలిసే వారు చేతులు జోడించారు. అటువంటి నమస్కారంలో మోసపోవడం లేదు. మోసం ప్రవేశించే చోటు వేరు. ప్రదర్శన ముగిసి, దీపాలు వెలిగి, రక్షణ కోరేవారు ముందుకు రావలసిందని పిలుపు ఇచ్చే వేళ, ఆ పిలుపు ఇచ్చే మనిషి ఇంకా ముళ్ళకిరీటంతో, రంగు పూసిన గాయాలతో ఉంటే, పిలుస్తున్నది ఎవరు? నాటకంలోని క్రీస్తా, సంఘంలోని సోదరుడా? వేషమని తెలిసి రోదించడం రసానుభవం. వేషం ఇచ్చిన అధికారానికి తెలియక లొంగడం అది కాదు. సువార్తలు నిందించిన వేషధారణ ఇటువంటిదే. అది వేషం వేయడం కాదు, వేషమని తెలియనీయకపోవడం. వేషం విప్పి వచ్చి అదే పిలుపు ఇచ్చే నటుడు ప్రభావంలో కొంత కోల్పోతాడు. కోల్పోవలసిందే.

నటుని భక్తిని ప్రమాణంగా పెట్టుకొంటే కప్పబడిపోయే మరొక ప్రశ్న ఉంది: నాటకం ఎవరిని గాయపరుస్తున్నది? జర్మనీలోని బవేరియాలో ఉన్న ఓబరామర్‌గౌ గ్రామం 1633లో మహమ్మారి నడుమ ఒక మొక్కు మొక్కుకొన్నది. 1634నుండి నేటివరకు, సుమారుగా పదేళ్ళకొకసారి, క్రీస్తు శ్రమలను ప్రదర్శిస్తున్నది. అక్కడ పుట్టినవారికి లేదా ఇరవైయేళ్ళు నివసించినవారికి మాత్రమే పాత్రలు దక్కుతాయి. ప్రదర్శనకు ముందటి సంవత్సరం భస్మ బుధవారం నుండి జుట్టు, గడ్డం పెంచవలసి ఉంటుంది. భామాకలాపంలో సత్యభామ వేషం ఒక్కసారైనా కడతామని కూచిపూడి కుటుంబాలు సిద్ధేంద్రయోగికి మాట ఇచ్చాయన్న ఐతిహ్యం తెలిసినవారికి ఈ ఏర్పాటు వింతగా తోచదు. మొక్కు ఊరిది, వేషం మనిషిది.

కాని మొక్కు పవిత్రమైనంత మాత్రాన పాఠం పవిత్రం కాలేదు. త్రిశతాబ్ది ఉత్సవంగా జరిగిన 1934 ప్రదర్శనను హిట్లర్ చూశాడు. యూదుల పట్ల ద్వేషానికి ఉపకరించేదిగా ఆ నాటకాన్ని తరువాత మెచ్చుకొన్నాడు. 1930, 1934లలో క్రీస్తు పాత్ర ధరించిన అలోయిస్ లాంగ్ నాజీ పార్టీ సభ్యుడు. ఆ నటుల భక్తిని శంకించనక్కరలేదు. భక్తి ఏ కీడునూ ఆపలేదన్నదే విషయం. యేసు మరణానికి యూదులందరినీ బాధ్యులను చేయరాదని రెండవ వాటికన్ సభ 1965లో ప్రకటించింది. ఆయన రక్తం తమమీద, తమ పిల్లలమీద ఉండుగాక అని జనం అరిచే మత్తయి వాక్యం ఓబరామర్‌గౌ పాఠంనుండి 2000లో తొలగింది. మహమ్మారి కారణంగా 2020నుండి వాయిదా పడి 2022లో జరిగిన ప్రదర్శనలో ముస్లిం కుటుంబానికి చెందిన యువకుడు యూదాగా నటించాడు. అతని విశ్వాసం నాటకానికి అడ్డు రాలేదు. దశాబ్దాలు పట్టింది పాఠాన్ని సరిదిద్దడానికే.

తెలుగు శ్రమల నాటకానికి ఇక్కడ ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటి ఉంది. ద్రోహి పేరు ‘యూదా’, జాతి పేరు ‘యూదులు’. వేదికమీద గట్టిగా పలికినప్పుడు వ్యక్తి నేరం జాతి నేరంగా వినిపించడానికి ప్రత్యయం ఒక్కటే అడ్డు. తెలుగునాట యూదులెవరున్నారని దీనిని త్రోసిపుచ్చడానికి వీలులేదు. గుంటూరు ప్రాంతంలో తమను యూదులుగా చెప్పుకొనే, తెలుగే మాతృభాషగా గల బెనె ఎఫ్రాయీము సముదాయం ఉంది. యేసు, ఆయన తల్లి, పన్నెండుగురు శిష్యులు సైతం యూదులేనన్న సంగతి ప్రేక్షకునికి తెలిసేలా సంభాషణ వ్రాయడం నాటకకర్త పని. ‘ఇస్కరియోతు’ అన్న విశేషణాన్ని వదలకుండా పలకడం నటుని పని.