నాలుగింటిలో మండనిది ఏది?

సువిశేష పఠనం: లూకా 15:8-10



పది వెండి నాణెములున్న స్త్రీ ఒకదానిని పోగొట్టుకుంది. తొమ్మిది ఉన్నాయి కదా అని ఊరుకోలేదు. దీపం వెలిగించింది, ఇల్లు ఊడ్చింది, దొరికేదాకా వెదికింది. ప్రభువు చెప్పిన ఈ చిన్న ఉపమానంలో మనం తరచు గమనించని విషయం ఒకటుంది. సర్వం పోయిందని ఆమె కూలబడలేదు. పోయింది ఒక్క నాణెమని ఆమెకు తెలుసు. ఆ ఒక్కదాని కోసం మూలమూలా చూసింది.

ఇలాంటి వెదకులాట మన ప్రగతి నగర్‌లో ఏ మెకానిక్కు షెడ్డు ముందు నిలబడినా కనిపిస్తుంది. బోయినపల్లి మార్కెట్టు కూరగాయలైనా, ఇల్లు మారేవారి సామానైనా, మంచినీళ్ళ క్యాన్లయినా మన అపార్ట్‌మెంట్ల దాకా చేర్చేది పికప్ బండ్లే. వాటిలో బాగా పాతబడినవీ ఉన్నాయి. అలాంటి బండి ఒక రోజు స్టార్టు అవుతుంది గాని ఒళ్ళంతా వణుకుతుంది. చప్పుడులో లయ తప్పుతుంది. వెనుక నుండి కళ్ళు మండించే తెల్లటి పొగ వస్తుంది. ఖాళీగా ఉంటే ఎలాగో నడుస్తుంది, బరువేసి ఫ్లైఓవరు ఎక్కిస్తే లాగదు. డ్రైవర్లు దీనిని ‘మిస్సింగ్’ అంటారు. నాలుగు సిలిండర్లలో మూడు మండుతున్నాయి, ఒకటి మండడం లేదు.

ఆ బండి మీద బ్రతికే కుటుంబానికి ఇది చిన్న సంగతి కాదు. కిరాయిలు పోతాయి, పిల్లల ఫీజు ఆగిపోతుంది. కంగారులో తలా ఒక మాట చెబుతారు. ఒకరు డీజిల్ మంచిది కాదంటారు, ఒకరు పంపు మార్చమంటారు, మరొకరు ఇంజనే దింపేయమంటారు. పని తెలిసిన మెకానిక్కు తొందరపడడు. ముందు తేలికైనవి చూస్తాడు: ఫిల్టరు మూసుకుపోయిందా, డీజిల్‌లో నీళ్ళు కలిశాయా, పైపులోకి గాలి చేరిందా? అవన్నీ బాగుంటే, ఇంజను నడుస్తుండగానే, ఒక్కొక్క సిలిండరుకు డీజిల్ తీసుకుపోయే సన్నని పైపు నట్టును కొద్దిగా వదులు చేస్తాడు. ఇది పాతకాలపు పంపు ఇంజన్లకే చెల్లే పద్ధతి. అందులోనూ చేయి తిరిగినవారే చేయాలి, ఎందుకంటే ఆ ఒత్తిడికి చిమ్మే డీజిల్ చర్మంలోకి దూసుకుపోగలదు.

మొదటి నట్టు వదులు చేయగానే ఇంజను ఇంకా కుంటుపడితే ఆ సిలిండరు పని చేస్తున్నదని అర్థం. దానిని బిగించి రెండవదానికి వెళతాడు, తర్వాత మూడవదానికి. ఏ నట్టు వదులు చేసినప్పుడు చప్పుడులో మార్పే రాదో, అదే మండని సిలిండరు.

ప్రియులారా, ఈ పరీక్షను కొంచెం ఆలోచించండి. ఆపినా తేడా తెలియనిదే జబ్బుపడినది!

మన ఆత్మపరిశోధనకు ఇంతకన్నా సూటి ప్రశ్న నాకు తెలియదు. మన ఇంట్లో సాయంకాల జపమాల వారం రోజులు ఆగిపోతే ఎవరికైనా లోటనిపిస్తుందా? ఆదివారం దివ్యపూజాబలికి వెళ్ళకపోతే సోమవారం నాటి మన మాటలో, నడతలో ఏమైనా మారుతుందా? పేదవానికి ఇచ్చే చేయి ఆగిపోతే మన ఖర్చులో, మన నిద్రలో ఏదైనా వెలితి కనిపిస్తుందా? ఏ తేడా లేదంటే, ఆ భక్తి ఆగకముందే ఆరిపోయిందన్న మాట. పైపులో డీజిల్ పారుతూనే ఉంది, లోపల మంట లేదు.

“అయినా ఇల్లు నడుస్తూనే ఉంది కదా ఫాదర్!” అని మీరనవచ్చు. నిజమే. మాదాపూర్‌లో ఉద్యోగం ఉంది, పిల్లలు చదువుతున్నారు, వాయిదాలు కడుతున్నారు. మిగతా మూడు సిలిండర్లు లాగుతున్నాయి. కాని మండని డీజిల్ ఊరికే ఉండదు. సిలిండరు గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది, కిందికి దిగి ఇంజన్ ఆయిల్‌ను పలుచన చేస్తుంది. అలా బాగున్న భాగాలు కూడా అరిగిపోతాయి. పునీత తోమాసు అక్వినాసు గారు 13వ శతాబ్దంలోనే ఈ సంగతి వివరించారు. చెడు అనేది తనంతట తాను నిలిచే వస్తువు కాదని, ఉండవలసిన మంచి లేకపోవడమేనని ఆయన బోధించారు. ఒక పని మంచిదనిపించుకోవాలంటే దానికి కావలసినవన్నీ కూడాలి, చెడడానికి ఒక్క లోపం చాలు.

మరి ఆ సిలిండరు ఎందుకు మండలేదు? డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ వేసే ప్లగ్గు ఉండదు. లోపలి గాలిని గట్టిగా అదిమితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. వాల్వు సరిగా మూసుకోకపోతే అదుము నిలవదు, వేడి పుట్టదు. ప్రార్థించేటప్పుడు గదిలోకి వెళ్ళి తలుపు మూసుకోమని ప్రభువు ఎందుకు చెప్పారో (మత్తయి 6:6) ఇక్కడ మరొక విధంగా అర్థమవుతుంది. చేతిలో జపమాల, పక్కన మోగుతున్న సెల్‌ఫోన్, ఎదురుగా టీవీ ఉంటే వాల్వు తెరిచి ఉన్నట్లే. అరగంట కూర్చున్నా వేడి పుట్టదు. పది నిమిషాలే అయినా తలుపు మూయండి.

మెకానిక్కు మరొక పరీక్ష కూడా చేస్తాడు. మండని సిలిండరు మీది ఇంజెక్టరును తీసి బాగున్న సిలిండరుకు వేస్తాడు. జబ్బు ఇంజెక్టరుతో పాటు వెళితే తప్పు ఇంజెక్టరుది. పాతచోటనే ఉండిపోతే తప్పు ఆ సిలిండరుది. మనం కంపెనీ మారుతాం, ఇల్లు మారుతాం, విచారణ కూడా మారుతాం. వెళ్ళిన ప్రతి చోటికి అదే కోపం, అదే అసూయ మన వెంట వస్తుంటే వెదకవలసింది మనలోనే. అలా కాక, ఆ చోట ఎవరు పనిచేసినా నలిగిపోతున్నారంటే, అక్కడ ఉన్నది అన్యాయం. దానిని మన పాపంగా మోయనక్కరలేదు, సరిదిద్దడానికి పాటుపడాలి.

ఒక్క హెచ్చరిక. ఆపి చూసే ఈ పరీక్ష మన హృదయానికే గాని మన మనుషులకు కాదు. గుడికి రావడం మానేసిన కొడుకును, మంచం పట్టిన తల్లిని చూసి “వీళ్ళున్నా లేకున్నా ఒకటే” అనే ఇల్లు క్రైస్తవ గృహం కాదు. ఒక అవయవం బాధపడితే అన్నీ బాధపడతాయని పునీత పౌలు గారు బోధించారు (1 కొరింతీ 12:26). ఒక సిలిండరు మండకపోతే వణికేది బండి అంతా కదా! మెకానిక్కు దానిని కోసి పారవేయడు, దాని కోసమే ఇంజను విప్పుతాడు.

పునీత ఇగ్నాసి లొయోలా గారి ఆధ్యాత్మిక సాధనల గ్రంథాన్ని మూడవ పౌలు పోపు గారు 1548లో ఆమోదించారు. ఒక్క లోపాన్నే ఎంచుకొని ఉదయం దానిని మానుకోవాలని నిర్ణయించుకోవడం, మధ్యాహ్నం, రాత్రి లెక్క చూసుకొని గీత మీద చుక్కలు పెట్టడం, ఈ వారాన్ని పోయిన వారంతో పోల్చడం అందులో నేర్పారు. ఇది నట్టు తర్వాత నట్టు వదులు చేసి చూడడమే.

“నేను పాపిని ఫాదర్” అని మాత్రం చెప్పి లేచిపోవడం “బండి బాగాలేదు” అని చెప్పి వెళ్ళిపోవడం వంటిది. శ్రద్ధగా వెదికి, జ్ఞాపకం వచ్చిన ప్రతి చావైన పాపాన్ని చెప్పుకోవాలని 1551లో త్రెంతు మహాసభ బోధించింది. సిగ్గుపడి గాయం దాచుకున్న రోగి ఉపమానాన్ని కూడా గుర్తు చేసింది. వైద్యునికి చూపని గాయానికి మందు పడదు.

కాబట్టి ఈ వారం ఇంజనంతా మార్చాలని ప్రతిజ్ఞలు చేయకండి. మీలో, మీ ఇంట్లో మండనిది ఏదో ఒక్కటి కనుక్కోండి. దాని పేరు పట్టుకొని పాపసంకీర్తనానికి రండి. దొరికిన ఒక్క నాణెం కోసం ఆ స్త్రీ ఇరుగుపొరుగు వారిని పిలిచి సంతోషించింది. హృదయం మార్చుకున్న ఒక్క పాపి కోసం దేవదూతల ముందు అలాంటి సంతోషమే ఉంటుందని ప్రభువు మాట ఇచ్చారు. పవిత్రాత్మ మనలో ఆరిన చోటును చూపించి, అక్కడే తన అగ్నిని రగిలించును గాక. ఆమెన్.