మహిమంతా దేవునిదైతే

యోబు గ్రంథంలోని 28వ అధ్యాయాన్ని బెల్లంపల్లిలోనో మందమర్రిలోనో కూర్చొని చదవాలి. జనం తిరిగే చోటికి దూరంగా భూమిని తవ్వుకుంటూ, గద్ద కంటికి కూడా ఆనని దారుల్లో దిగి, వేలాడుతూ, చీకటికి హద్దు పెట్టి, బండలు తొలిచి, ఊరే నీటికి అడ్డుకట్ట వేసి, దాగినదాన్ని వెలుగులోకి తెచ్చే మనిషి అక్కడ కనిపిస్తాడు. ఆ కవికి సింగరేణి బొగ్గు గనులు తెలియవు. అయినా తలకు క్యాప్ ల్యాంపు పెట్టుకొని మొదటి షిఫ్టుకు బాయిలోకి దిగే కార్మికుడి పనిని పక్కన నిలబడి చూసినట్టే రాశాడు. కూలి చేసే చేతుల మీద ఇంత శ్రద్ధ పెట్టిన పుటలు బైబిల్లో ఎక్కువ లేవు.

అంత వర్ణించి, ఇంత లోతుకు దిగినవాడికి కూడా జ్ఞానం ఎక్కడ దొరుకుతుందని అడుగుతాడు కవి. దేవుని పట్ల భయభక్తులే జ్ఞానమని ఆ అధ్యాయం ముగుస్తుంది. యోబు మాత్రం అక్కడితో ఊరుకోలేదు. పది మంది పిల్లల్ని పోగొట్టుకున్నవాడు, ఒళ్లంతా కురుపులతో బూడిదలో కూర్చున్నవాడు, తన తప్పేమిటో చెప్పమని దేవుణ్నే నిలదీశాడు. ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు నీలోనే ఏదో పాపం ఉండి ఉంటుందని తేల్చారు. ఆఖరికి 38వ అధ్యాయంలో సుడిగాలిలోంచి దేవుడు మాట్లాడతాడు. భూమికి పునాది వేసిననాడు నువ్వెక్కడున్నావని మొదలుపెట్టి నక్షత్రాలు, మంచు, సింహాలు, అడవి గాడిదలు, నిప్పుకోడి, యుద్ధపు గుర్రం, అన్నిటినీ కళ్లముందు ఊరేగిస్తాడు. దేవుని మహిమను ఇంత గొప్పగా చెప్పిన చోటు లేఖనాల్లో మరొకటి లేదంటే సాహిత్యపరంగా నేను ఒప్పుకుంటాను. కానీ ఆ ఊరేగింపులో చనిపోయిన పిల్లల ఊసే లేదు. బిడ్డలు పోయినవాడికి ఆకాశం చూపించడం జవాబు ఎట్లా అవుతుంది?

ఒక్క విషయంలో మాత్రం ఆ గ్రంథానికి దండం పెట్టాలి. చివర్లో దేవుడు తనను వెనకేసుకొచ్చిన స్నేహితుల మీద కోప్పడి, తనను నిలదీసిన యోబే సరిగ్గా మాట్లాడాడంటాడు. దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకునేవాళ్లు ఈ సంగతి తరచూ మరిచిపోతారు.

2003 జూన్ 16న గోదావరిఖనిలో 7 ఎల్ఈపీ అనే బొగ్గు గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. యోబు కవి మెచ్చుకున్న అడ్డుకట్ట ఆ రోజు నిలవలేదు. ఆ ఇళ్లలో ఏ దేవుణ్ని కొలిచేవాళ్లైనా ఆ రాత్రి అడిగిన ప్రశ్న యోబుదే అయి ఉంటుంది. దానికి జవాబుగా సృష్టి వైభవం చెప్పబూనడం నాకు మర్యాదగా తోచదు. నీళ్లు ఎటునుంచి వస్తాయి, మధ్యలో ఎంత మందాన బొగ్గు వదలాలి, లెక్క ఎవరు చూడాలి అన్నవి మనిషి మనిషిని అడగాల్సిన ప్రశ్నలు. ప్రమాదాన్ని దైవ నిర్ణయం అన్న మరుక్షణం ఆ ప్రశ్నలన్నీ గల్లంతవుతాయి. దేవుడి మహిమ పేరుతో జవాబుదారీ తప్పించుకునేది ఎప్పుడూ దేవుడు కాదు, మనిషే.

ఇక మన ఆదివారాల సంగతి. మంచిర్యాల, జగిత్యాల, నిర్మల్, ఎక్కడి ప్రార్థన మందిరంలోనైనా సాక్ష్యాల వేళ ఒకటుంటుంది. కొడుక్కు దుబాయి వీసా వచ్చిందని ఒకామె లేస్తుంది. కోడలికి సుఖంగా కాన్పు అయిందని ఇంకొకామె. దేవునికే మహిమ అంటారు. పాస్టరయ్య హల్లెలూయ అంటాడు, చప్పట్లు మోగుతాయి. ఆ చాపల మీదనే వెనక వరసలో, అదే దుబాయి నుంచి మొగుడి శవం పెట్టెలో వచ్చిన ఆడమనిషి కూర్చొని ఉంటుంది. ఉత్తర తెలంగాణలో గల్ఫ్ నుంచి పెట్టె రాని మండలం ఏది? ఆమెను సాక్ష్యం చెప్పమని ఎవరూ లేపరు. ప్రార్థన అవసరతల్లో ఆమె పేరు చదువుతారు, అంతే. వీసా వస్తే దేవుడి ఖాతా, శవం వస్తే ఆమె విశ్వాసం చాలని ఖాతా. ఏ వడ్డీ సేటు కూడా చిట్టా ఇంత ఏకపక్షంగా రాయడు. ఇది ఒక్క క్రైస్తవుల జబ్బే అనుకోవద్దు. వేములవాడ రాజన్నకు కోడె మొక్కు కట్టినవాళ్ల లెక్కా ఇట్లాగే నడుస్తుంది. కోరిక తీరితే దేవుడి మహిమ, తీరకపోతే మొక్కులో లోపం.

యోహాను సువార్త 11వ అధ్యాయం ఈ లెక్కను సమర్థిస్తున్నట్టే మొదలవుతుంది. లాజరు జబ్బు పడ్డాడని కబురొస్తే, ఈ జబ్బు దేవుని మహిమ కోసమేనని యేసు అంటాడు. అని, బయలుదేరకుండా ఉన్నచోటనే రెండు రోజులు ఆగుతాడు. చదివిన ప్రతిసారీ నాకు గుచ్చుకునేది ఆ రెండు రోజులే. మహిమ కనబడటానికి ఒక మనిషి చావాలా, ఇద్దరు అక్కచెల్లెళ్లు ఏడవాలా? సువార్త రాసినాయన ఈ ప్రశ్నను దాచలేదు. మార్త ఊరి బయటికే ఎదురొచ్చి, నువ్వు ఇక్కడుంటే మా తమ్ముడు చచ్చేవాడు కాదని మొహం మీదే అంటుంది. మరియ కూడా అదే మాట అంటుంది. యేసు వాళ్లకు సిద్ధాంతం చెప్పి ఊరుకోలేదు, ఏడ్చాడు. తర్వాత జరిగిన అద్భుతాన్ని నమ్మేవాళ్లు నమ్ముతారు, నమ్మనివాళ్లు నమ్మరు. ఆ ఏడుపును నమ్మడానికి మాత్రం ఏ మతమూ అక్కర్లేదు.

అసలు దేవుడికి పొగడ్త ఎందుకు? ఈ ప్రశ్న కొత్తది కాదు. మనిషి తనలోని మంచినంతా తీసి దేవుడి మీద పెట్టి, ఆ మేరకు తాను పేదవాడు అవుతాడని జర్మనీలో ఫోయర్‌బాక్ 1841లోనే వాదించాడు. ఆ వాదం ఐరోపా చదువరులకు తత్వశాస్త్రం. మన దగ్గర అది గడీ ముందరి సంగతి. కరీంనగర్ పల్లెల్లో దొర గడీ ముందు నుంచి చెప్పులు చేతపట్టుకొని నడిచిన తరంలో ఇంకా కొందరు మిగిలే ఉన్నారు. నీ బాంచెన్ కాల్మొక్త అన్న మాట నాలుక మీద కాయ కాసిన తరం అది. ఆ మాటను వదిలించుకోవడానికి ఈ జిల్లా ఎంత మూల్యం చెల్లించిందో తెలిసిందే. 1978 సెప్టెంబరులో దొరలకు ఎదురు తిరిగిన రైతు కూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగితే, అక్టోబరులోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. అంత కష్టపడి లేచి నిలబడ్డ మనిషిని మళ్లీ మోకాళ్ల మీద కూర్చోబెట్టి, సింహాసనం, రాజు, పాదాలు, దాసుడు అన్న మాటలతో ప్రార్థన చేయించడం ఏమిటి? దొర మారాడా, గడీ పైకి లేచిందా?

ఈ అనుమానం నాకు చాలాకాలం నుంచి ఉంది. దీనికి ఎదురు నిలిచే సంగతి కూడా ఈ పల్లెల్లోనే ఉంది. నిజాం రాజ్యంలో వెస్లియన్ మిషన్ వచ్చినప్పుడు ఎక్కువగా చేరింది మాల, మాదిగ వాడలే. గుడిలోకి రానివ్వని మనిషికి, బడి గుమ్మం తొక్కనివ్వని మనిషికి మహిమంతా దేవునిదేనన్న మాట ఇంకో రకంగా వినిపించి ఉండాలి. అంతా దేవునిదైతే దొరది ఏమీ లేదన్నమాట. లూకా సువార్త మొదటి అధ్యాయంలో యేసు తల్లి మరియ పాడే పాట నేరుగా అదే అంటుంది: బలవంతుల్ని గద్దెల మీంచి దించడం, ఆకలిగొన్నవాళ్ల కడుపు నింపడం. అదే సువార్తలో మహిమ మొదట వెలిగింది రాజు కోటలో కాదు, రాత్రి మందకు కాపలా ఉన్న గొర్ల కాపరుల మీద. అయితే చరిత్ర ఎప్పుడూ కొసరు పెడుతుంది. ఆ వాడలు మిషనరీని కూడా దొరగారనే పిలిచాయి, ఆయన భార్యను దొరసానమ్మ అన్నాయి. బంగళా ముందు చేతులు కట్టుకొనే నిలబడ్డాయి.

అసలు మహిమ అంటే ఏమిటో తేల్చుకోవడానికి మోషే కథ నాకు ఇక్కడ పనికొస్తుంది. నిర్గమకాండం 33వ అధ్యాయంలో నీ మహిమ చూపించమని మోషే అడుగుతాడు. దేవుడు తన మంచితనాన్ని అతని ముందు నుంచి దాటిస్తానంటాడు. ముఖం మాత్రం చూడలేవని చెప్పి, బండ సందులో నిలబెట్టి, చేత్తో కప్పి, దాటిపోయాక వెనక భాగాన్నే చూడనిస్తాడు. మహిమ అడిగినవాడికి మంచితనం ఎదురొచ్చింది. మానవతావాదికి ఇంతకన్నా ఇంపైన చోటు దొరకదు. కానీ పేజీ తిప్పితే, కనికరం, దీర్ఘశాంతం చెప్పిన నోటితోనే తండ్రుల దోషానికి మూడు నాలుగు తరాల దాకా శిక్ష తప్పదన్న మాట కూడా ఉంది. నచ్చినదాన్ని ఏరుకొని నచ్చనిదాన్ని వదిలేస్తే అది చదవడం కాదు. రెండో శతాబ్దపు లియాన్ బిషప్ ఐరేనియస్ దేవుని మహిమ అంటే బతికి ఉన్న మనిషేనన్నాడని నాలాంటివాళ్లు సంబరంగా చెప్పుకుంటారు. ఆ వాక్యంలో మనిషి బతుకు దేవుణ్ని చూడటంలోనే ఉందన్న రెండో సగం కూడా ఉంది. దాన్ని మింగేయడం మా వైపు అలవాటు.

మహిమ కట్టడంలోకి దిగినప్పుడు కథ ఇంకా చిక్కుపడుతుంది. సొలొమోను కట్టిన మందిరం మేఘంతో నిండిపోయి యాజకులు నిలవలేకపోయారని మొదటి రాజుల గ్రంథం 8వ అధ్యాయం చెబుతుంది. దానికి మూడు అధ్యాయాల ముందే ఆ గ్రంథం ఇంకో లెక్క రాసి పెట్టింది: వెట్టికి పట్టినవాళ్లు 30,000 మంది, బరువులు మోసినవాళ్లు 70,000, కొండల్లో రాళ్లు కొట్టినవాళ్లు 80,000. సొలొమోను చనిపోగానే ఆ కాడి తేలిక చేయమని జనం అతని కొడుకును అడిగారు. అతను ఇంకా బరువు చేస్తానన్నాడు. రాజ్యం రెండు ముక్కలైంది. ఆ మహిమ మందిరం గుమ్మం దాటి వెళ్లిపోవడాన్ని తర్వాత ప్రవక్త యెహెజ్కేలు చూస్తాడు. వెట్టి అంటే ఏమిటో తెలంగాణవాడికి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

మెదక్ చర్చిని ఈ వెలుగులో చూడాలి. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ పూనికతో పదేళ్లు కట్టి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన గుడి అది. గోపురం 170 అడుగుల పైమాటే. కరువు కాలంలో ఆకలితో వచ్చినవాళ్లకు పని కల్పించి తిండి పెట్టారన్నది ఆ గుడి గురించి అందరూ చెప్పే సంగతి. నేను దాన్ని వెట్టి అనను. ఆ బువ్వ నిజం, దానితో నిలిచిన ప్రాణాలు నిజం. లోపల ఫ్రాంక్ సాలిస్‌బరీ గీసిన మూడు గాజు కిటికీలున్నాయి. బలిపీఠం వెనక ఆరోహణం, పక్కలకు జననం, సిలువ. ఎండ ఉన్నంతసేపు నీలం, ఎరుపు రంగులు మండుతాయి. పొద్దు గూకితే లోపలివాళ్లకు నల్లటి గాజు తప్ప ఏమీ కనిపించదు. ఆరోహణాన్ని నడిమధ్య పెట్టడం సహజమే, పైకి వెళ్లడమే మహిమ అనుకుంటాం కదా. యోహానును అడిగితే సిలువను మధ్యలో పెట్టమనేవాడు. ఆ సువార్తలో యేసు తన మహిమ గడియ వచ్చిందనేది తనను పట్టుకొని చంపబోతున్న వేళ గురించే.

బాహ్ తన సంగీతపు రాతప్రతుల చివర ఎస్.డి.జి. అని మూడక్షరాలు వేసేవాడు. మహిమ దేవునికే అని దాని భావం. అయినా బాహ్ పేరు మనకు తెలుసు. దేవునికి మహిమ ఇచ్చినందువల్ల ఆయనది తగ్గలేదు. మెదక్ గ్రానైటు చెక్కిన ఉలి చేతుల పేర్లు మాత్రం సందర్శకుడికి ఎవరూ చెప్పరు. మహిమంతా దేవునిదే అన్నప్పుడు అందరూ సమానంగా తగ్గరు. బిషప్ పేరు, దాత పేరు, శంకుస్థాపన చేసిన మంత్రి పేరు పాలరాతి మీద ఉంటాయి. వినయం కూలివాడి వాటా.

రాజ్యం కూడా ఈ మహిమకు ధర కట్టింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం పుచ్చుకున్న దళితుడికి ఎస్సీ హోదా లేదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో దక్కింది కానీ క్రైస్తవులకు దక్కలేదు. ఇక్కడ వాళ్లకు బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషన్ ఉంది. అందుకే వాడల్లో చాలామందికి గుడిలో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఒక పేరు. మతం మారినా వాడ మారలేదు, బావి దగ్గర చూపు మారలేదు. కాగితం మీద మాత్రం కులం పోయింది. దీన్ని అబద్ధపు బతుకని వెక్కిరించేవాళ్లున్నారు. అబద్ధం ఆ మనిషిదా, ఆ ఉత్తర్వుదా అని అడిగేవాళ్లు తక్కువ. క్రీస్తు చరిత్రకు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న కవి జాషువా అటు హిందువుల నుంచీ ఇటు క్రైస్తవుల నుంచీ చీదరింపును అనుభవించినవాడే.

నమ్మేవాళ్లతో నాకు తగవు లేదు. ఎవరైనా తలెత్తి ఆకాశాన్ని చూసి చేతులు జోడిస్తే అది వాళ్ల హక్కు, వాళ్ల ఆనందం. మహిమ మాటను మనిషి కష్టాన్ని చెరిపేయడానికి, మనిషి తప్పును కప్పిపుచ్చడానికి వాడితేనే నా పేచీ.

కాబట్టి అయ్యగార్లకు, పాస్టరమ్మలకు రెండు విన్నపాలు. వచ్చే ఆదివారం సాక్ష్యాల వేళ ప్రార్థన ఫలించని ఒక మనిషికి మొదటి వంతు ఇవ్వండి, ఆమె చెప్పేది అయ్యేదాకా హల్లెలూయ అనకండి. కొత్త మందిరం కట్టినప్పుడు శిలాఫలకం మీద దాతల కింద మేస్త్రీల పేర్లూ, ఇసుక మోసిన ఆడవాళ్ల పేర్లూ చెక్కించండి. దానికి పెద్దగా ఖర్చు కూడా కాదు.