నీ ఇష్టం

మొన్న ఆదివారం ఓ పాత ఇంగ్లీషు సినిమా మా ఇంట్లో చిన్న తగువు పెట్టింది. దాని పేరు ‘నటోరియస్’. 1946లో హిచ్‌కాక్ తీసిన నలుపు తెలుపు సినిమా. మా అమ్మాయి టీవీలో పెడితే, భోంచేసి ఓ కునుకు తీద్దామనుకున్న మా అత్తగారూ, ఊరి నుంచి వచ్చిన మా వదినా, నేనూ చివరిదాకా కదల్లేదు. సినిమా అయిపోయింది గానీ, సాయంత్రం కాఫీల వేళ దాటినా మా వాదన తెమల్లేదు.

చూడనివాళ్ళ కోసం కథ క్లుప్తంగా చెబుతాను. ఎలీషియా తండ్రి జర్మన్ల తరఫున పనిచేసిన దేశద్రోహి అని అమెరికాలో కోర్టు శిక్ష వేస్తుంది. కూతురు ఆ అవమానాన్ని తాగుడులో ముంచేస్తూ, నలుగురూ నాలుగు రకాలుగా చెప్పుకునేట్టు బతుకుతూంటుంది. ఈ పాత్ర ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌ది. డెవ్లిన్ అనే ప్రభుత్వ గూఢచారి (కేరీ గ్రాంట్) వచ్చి, దేశం కోసం ఒక పని చెయ్యాలంటూ ఆమెను బ్రెజిల్‌లోని రియోకి తీసుకెళతాడు. పని ఏమిటో ఇంకా తెలియదు. తెలిసేలోపల ఇద్దరూ ప్రేమలో పడతారు. తీరా పైవాళ్ళు చెప్పిన పని ఏమిటంటే, ఒకప్పుడు ఆమె మీద మనసు పడ్డ సెబాస్టియన్ అనే నాజీలవాడికి దగ్గరై, ఆ ఇంటి రహస్యాలు మోసుకురావాలి.

అసలు సంగతి ఇక్కడుంది. ఆమె ఇలాంటి పనికి ఒప్పుకోదని డెవ్లిన్ అధికారుల ముందు అంటాడు. ఆమె దగ్గరికొచ్చేసరికి ఆ ముక్క చెప్పడు. ఆమె కొత్త కాపురం పెట్టినంత సంబరంగా వంట చేసి, బల్ల సర్ది ఎదురుచూస్తూంటుంది. అతను విషయం చెప్పి ఊరుకుంటాడు. ‘నా తరఫున నువ్వేమీ అనలేదా?’ అని ఆమె అడిగితే, అది నువ్వు తేల్చుకోవలసిందే కదా అన్న ధోరణిలో మాట్లాడతాడు. అతను వద్దంటాడని ఆమె, ఆమె కాదంటుందని అతనూ కాచుక్కూర్చుంటారు. చివరికి ఆమె వెళుతుంది, సెబాస్టియన్‌ని పెళ్ళి కూడా చేసుకుంటుంది. వెళ్ళినందుకు డెవ్లిన్ ఆమెను మాటలతో పొడుస్తాడు.

“పంపిందీ ఇతనే, అసహ్యించుకునేదీ ఇతనేనా? ఇతను హీరో ఏమిటమ్మా?” అని మా అమ్మాయి మండిపడింది.

“వద్దంటే మాత్రం మీరు ఊరుకుంటారా?” అంది వదిన. “ఆడదాని నిర్ణయం ఆడదాన్ని చేసుకోనివ్వడు, అధికారం చెలాయిస్తాడు అనరూ? పైగా ఉద్యోగమాయె. ఏం చేస్తాడు పాపం!”

మా అత్తగారి సానుభూతి అంతా సెబాస్టియన్ మీదే. “ప్రేమించానని నోరు తెరిచి చెప్పి, పెళ్ళాడి, తల్లి చేతిలోంచి తాళాలు తెచ్చి పెళ్ళానికిచ్చినవాడు అతనొక్కడేనే” అన్నారు.

“తరవాత కాఫీలో విషం కలిపారు కదా బామ్మా!”

“అది వాళ్ళమ్మ బుద్ధి.”

మేం ముగ్గురం పకపకా నవ్వాం. ఆ సాయంత్రం నేను కాఫీ గ్లాసు అందిస్తే ఆవిడ నావంక అదోలా చూడటం కూడా జరిగింది!

ఫ్రెంచి దర్శకుడు ట్రుఫోకి హిచ్‌కాక్ సినిమాల్లో ఇది చాలా ఇష్టమట. పై అంతస్తు నుంచి కెమెరా జారుతూ వచ్చి ఎలీషియా గుప్పిట్లోని తాళంచెవి దగ్గర ఆగడాన్ని పండితులు ఇప్పటికీ మెచ్చుకుంటారు. సారాసీసాల్లో దాచిన యురేనియం గురించీ చెప్పుకుంటారు. నాకు మాత్రం యురేనియం కన్నా ‘నువ్వే తేల్చుకో’ అన్న మాటే భయంకరంగా తోచింది. మనం దాన్ని ‘నీ ఇష్టం’ అంటాం. ఆ మాట నేనూ ఒకసారి అన్నాను.

ఇరవయ్యేళ్ళ కిందట మా చెల్లెలికి ఓ సంబంధం వచ్చింది. మంచి కుటుంబమే, కానీ పెళ్ళయ్యాక ఉద్యోగం మానెయ్యాలన్నారు. నాకు సుతరామూ నచ్చలేదు. అమ్మతో చెప్పాను, మావారితో చెప్పాను. అది వంటింట్లో నా పక్కన నిలబడి “నువ్వేమంటావక్కా?” అని అడిగితే మాత్రం “నీ ఇష్టమే” అన్నాను. ఉద్యోగమంటే అంత ప్రేమే ఉంటే అదే కాదంటుందిలే అని చూశాను. అది ఒప్పుకుంది. ‘ఇంతేనా దీని పట్టుదల!’ అని మనసులో దాన్ని తక్కువ చేశాను కూడా.

చాలా ఏళ్ళకి ఓ రాత్రి డాబామీద పడుకుని అది అంది: “ఆరోజు నువ్వు ఒక్కమాట వద్దంటావేమోనని చూశానక్కా. నీకూ భారమయ్యాననుకున్నాను.” దాని కాపురానికేం లోటు లేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా వదిన ప్రశ్నలో న్యాయముంది. వద్దని శాసించడం తప్పే. అయితే మన మనసులో మాట చెప్పడం శాసించడం ఎలా అవుతుంది? ‘నాకిది ఇష్టం లేదు, ఆపైన నీ ఇష్టం’ అంటే ఆ మనిషికి మనమూ తెలుస్తాం, స్వేచ్ఛా మిగులుతుంది. మొదటి సగం మింగేసి రెండో సగం అంటే, అది చెప్పకుండా పెట్టిన పరీక్ష. అలాంటి పరీక్షకి మార్కులు వేసే హక్కు మనకెక్కడిది?

మరి ఎందుకు మింగేస్తాం? వద్దన్నా వాళ్ళు వింటారో లేదో! వినకపోతే మన పరువేం కావాలి? ఆ భయమే. డెవ్లిన్ కూడా అంతే. అధికారులు ఆమెను చులకనగా మాట్లాడితే, వాషింగ్టన్‌లో పేకాడుకుంటూ కూర్చున్న మీ భార్యలు మాత్రం గొప్పవాళ్ళు కాబోలు అన్నట్టు ఎత్తిపొడుస్తాడు. ఆ మాట ఎలీషియా చెవిన పడదు. నా మాటా అమ్మకీ మావారికీ వినబడింది, వినవలసినదానికి తప్ప.

ఎలీషియా మాత్రం నోరు విప్పిందా అంటారేమో. నిజమే, ఆమే ‘నాకు వెళ్ళాలని లేదు’ అనవచ్చు. కానీ చెడ్డపేరు మోస్తున్న మనిషి అలా అంటే ఎవరు నమ్ముతారు? నమ్మకం ఎవరికి తక్కువ దొరుకుతుందో, వాళ్ళకే మౌనం ఎక్కువ ఖరీదవుతుంది. చివర విషంతో మంచాన పడ్డాకగానీ డెవ్లిన్ మనసు విప్పడు. ఆమెను చేతుల్లో పొదువుకుని మెట్లు దింపుకొస్తాడు. అందరికీ అలా మెట్లెక్కి రావడానికి వ్యవధి దొరకదు కదా!

ఇంకొక్క సంగతి. ఆ తరవాత బెర్గ్‌మన్ భర్తను వదిలి ఇటలీ దర్శకుడు రొస్సెల్లినీని చేరితే, 1950లో అమెరికా సెనేట్‌లో కూడా ఆమెను తూలనాడారు. ‘అనస్తాసియా’ చిత్రానికి 1957లో ఆస్కార్ వచ్చిననాడు ఆమె అక్కడ లేదు. ఆమె బదులు వేదికెక్కి, బహుమతి అందుకుని, ఆప్యాయంగా నాలుగు మాటలు చెప్పింది ఎవరో తెలుసా? సినిమాలో నోరు విప్పని కేరీ గ్రాంటే!

మర్నాడు మా అమ్మాయి దూరపు ఊళ్ళో చదువుకు దరఖాస్తు పెడతానంటూ వచ్చింది. “నీ...” అని ఆగాను. “నిన్ను వదిలి ఉండాలంటే నాకు బెంగగా ఉందే. చదువు మంచిదే, వెళ్ళాలనుంటే వెళ్ళు” అన్నాను.

అది కాసేపు నావంక చూసి, దరఖాస్తు బల్లమీద పెట్టి, నా పక్కన కూర్చుంది. వెళుతుందో లేదో ఇంకా తేల్చలేదు.