ఎనిమిది దీపాల ఇల్లు

కరెంటు లేని రోజుల్లో గోదావరి ఒడ్డున ఒక ఊళ్లో ఒక ఆసామి ఉండేవాడు. మండువా లోగిలి, ఇంటినిండా జనం, పెరటినిండా పాడి. దేనికీ కొదవ లేదు, ఒక్క ఆముదానికి తప్ప.

కొనలేక కాదు. ఎంత తెచ్చినా నిలవడం లేదు. ప్రతి నెలా గానుగ నుంచి తెచ్చి బాన నింపించేవాడు. నెల తిరక్కముందే బాన అడుగు కనబడేది.

మొదట కుమ్మరి మీద అనుమానం వచ్చింది. బానకు పగులుందేమోనని నీళ్లు పోసి రాత్రంతా ఉంచారు. బయట చెమ్మ కూడా లేదు. తర్వాత ఎలుకల మీద. పిల్లిని తెచ్చారు. అది పాలు తాగి పడుకుంది. ఆ తర్వాత వంటమనిషి మీద. పాపం, ఆవిడ రెండు పూటలు అన్నం మానేసి ఏడ్చింది. చివరికి గానుగాయన మీద. కొలతలో మోసం చేస్తున్నావని ఆసామి నలుగురిలో నిలదీశాడు. గానుగాయన వాదించలేదు. ఇంటికెళ్లి తన సోల తెచ్చి అరుగు మీద పెట్టాడు.

"మీ సోల పక్కన పెట్టి కొలిచి చూసుకోండయ్యా."

కొలిచారు. వెంట్రుకవాసి తేడా లేదు.

ఆ ఏడే చిన్నకోడలు కాపరానికి వచ్చింది. కొత్తచోటు, నిద్ర పట్టలేదు. ఓ రాత్రి లేచి ఇల్లంతా తిరిగింది. మనుషులందరూ నిద్రపోతున్నారు. ఎనిమిది దీపాలు మాత్రం మేలుకొని ఉన్నాయి.

వసారాలో ఒకటి, అర్ధరాత్రి చుట్టాలొస్తే చీకట్లో తడుముకోకూడదని. ఆ ఇంటికి రాత్రిపూట చుట్టాలొచ్చి ఏడాదిన్నరయింది. సావిట్లో ఒకటి, ఆసామికి లెక్కలు చూసుకోవాలనిపిస్తుందేమోనని. వంటింట్లో ఒకటి, ఎవరికైనా దాహం వేస్తుందేమోనని. కొట్టుగదిలో ఒకటి, స్నానాల గదిలో ఒకటి, మేడమెట్ల మీద ఒకటి. పురాణం అరుగు మీద ఇంకొకటి. శాస్త్రిగారు సాయంత్రం ఘడియసేపు పురాణం చెప్పి, పుస్తకం కట్టి వెళ్లిపోతారు. రేపు మళ్లీ చెప్తారు కదా అని దీపం మాత్రం తెల్లవార్లూ అక్కడే ఉండిపోతుంది.

ఎనిమిదోది గొడ్లసావిట్లో. చూలుగేదె ఇవాళో రేపో ఈనేలా ఉంది. పాలేరు దాని పక్కనే సగం నిద్రలో కూర్చుని ఉన్నాడు. ఆ దీపం దగ్గర చిన్నకోడలు కాసేపు నిలబడింది. దాని వత్తి ఎగదోసి వెళ్లింది.

తెల్లారి అత్తగారిని అడిగింది. "ఈ దీపాలు రాత్రంతా ఎవరుంచమన్నారత్తయ్యా?"

"మా అత్తగారి నాటి నుంచీ ఉంటున్నాయే. ఎవరో ఎందుకు చెప్పాలి?"

భోజనాలయ్యాక మామగారి ఎదురుగా చింతపిక్కలు పోసుకుని కూర్చుంది.

"మామయ్యగారూ, ఒక్కో ప్రమిద రాత్రికి ఎంత తాగుతుంది?"

"ఎంతమ్మా, గిద్దెడు. గిద్దెడు ఆముదానికి ఈ ఇల్లు చితికిపోదులే."

ఆ ఊరి కొలతలో నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. గొడ్లసావిడి దీపం పక్కన పెట్టింది. మిగిలినవి 7. ఏడాదికి 365 రాత్రులు. చింతపిక్కలు అయిపోతే పెరట్లోంచి మళ్లీ తెప్పించుకుంది. మొత్తం 2,555 గిద్దలు తేలాయి. అంటే 40 కుంచాలకు 5 గిద్దలు తక్కువ.

ఆసామి ఆ కుప్పకేసి చాలాసేపు చూశాడు. "ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నువ్వు పట్టావే అమ్మాయీ" అన్నాడు. అనడమైతే అన్నాడు గానీ మనసొప్పలేదు. "దీపం ఆర్పడం ఇంటికి మంచిది కాదు."

"ఆర్పొద్దు. కొండెక్కిద్దాం."

"మధ్యరాత్రి అవసరపడితే? చెకుముకి రాయి వెతుక్కుంటూ కూర్చోవాలా?"

"గొడ్లసావిట్లో ఒకటి వెలుగుతూనే ఉంటుంది కదండీ. దాని దగ్గర వత్తి అంటించుకుంటే ఏడూ వెలుగుతాయి."

"అంతదూరం నడవాలా?"

"పాతిక అడుగులు మామయ్యగారూ."

ఆ ఏడాది మొత్తంలో ఆ పాతిక అడుగులు నడవాల్సి వచ్చింది మూడుసార్లు. అందులో ఒకసారి నిజంగానే చుట్టాలొచ్చారు. ఆసామి గానుగాయన ఇంటికి తనే వెళ్లి తప్పయిందన్నాడు. వంటమనిషికి చీర పెట్టాడు. పిల్లి మాత్రం పాలు మరిగి ఆ ఇంట్లోనే ఉండిపోయింది.

నీతి: పనిచేస్తూ తినేవాడి లెక్క అందరూ రాస్తారు. పని కోసం కాచుక్కూచుని తినేవాడి లెక్క రాయాలని ఎవరికీ తోచదు.

మన ఇళ్లలో ప్రమిదలు పోయి ఎర్రచుక్కలు వచ్చాయి. టీవీ కింద ఒకటి, సెట్‌టాప్ బాక్సు మీద ఒకటి, ఏసీ స్టెబిలైజర్ మీద అంకెలు, ఓవెన్ మీద గడియారం. రిమోట్ నొక్కితే బొమ్మ పోతుంది, కరెంటు పోదు. మళ్లీ నొక్కినప్పుడు పలకాలంటే లోపల ఏదో ఒకటి మేలుకొని ఉండాలి కదా. ఆ మేలుకొని ఉండడానికే స్టాండ్‌బై అని పేరు. ఆసామి గానుగాయన మీద వేసిన నింద నేను మీటరు మీద వేశాను. రీడింగు తీసే కుర్రాడితో తగవు పడి, డబ్బు కట్టి మరీ మీటరు పరీక్ష చేయించాను. మీటరు నిక్షేపంలా ఉంది.

చిన్నకోడలి చింతపిక్కల లెక్క మనకూ పనికొస్తుంది. ఒక్క వాటు తీసుకునే వస్తువు రాత్రింబవళ్లు ఏడాదంతా ఉంటే 8.76 యూనిట్లు. ఇది మన గిద్ద. ఇక పురాణం అరుగు మీది దీపం సెట్‌టాప్ బాక్సు. రిమోట్‌తో ఆపినా దాని లోపలి పని ఆగదు. చాలా బాక్సులు ఆపినప్పుడు తినేది, నడుస్తున్నప్పుడు తినేదానికి పెద్ద తక్కువ కాదు. 10 వాట్లనుకుందాం. రోజుకు 4 గంటలు టీవీ చూస్తే మిగతా 20 గంటలూ అది ఊరికే తింటుంది. ఏడాదికి 73 యూనిట్లు. ఖాళీ గదిలో ఎల్‌ఈడీ బల్బు వేసి వదిలేస్తే పరిగెత్తుకెళ్లి ఆపుతాం. అంతే తినే బాక్సు ముందు కాళ్లు చాపుకుని కూర్చుంటాం. తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు అన్న సామెత దీనికే పుట్టినట్టుంది.

ఓవెన్ సంగతి ఇంకా తమాషా. 1,200 వాట్లతో రోజుకు 3 నిమిషాలు కూర వేడిచేస్తే 60 వాట్‌అవర్లు. గడియారం చూపిస్తూ కూర్చోవడానికి 3 వాట్లు తీసుకున్నా రోజంతటికీ 72. అది మనకు కూర వేడిచేసి పెడుతోందో, టైము చెప్తోందో తేల్చుకోవాల్సిందే.

గీజర్‌ది వేరే కథ. స్విచ్ వేసి వదిలేస్తే చల్లారిన నీళ్లను మళ్లీ మళ్లీ కాచుకుంటూ ఉంటుంది. నీళ్లు నిలవుండే గీజర్ మీద మన ప్రభుత్వ సంస్థ బీఈఈ అంటించే నక్షత్రాలు చెప్పేది కూడా ఈ ఊరికే పోయే వేడి గురించే. ఏసీకైతే దసరా నుంచి శివరాత్రి దాకా గోడమీది స్విచ్‌తోనే సెలవివ్వొచ్చు. స్టెబిలైజరూ దాంతోపాటే పడుకుంటుంది.

మరి సెల్‌ఫోన్ చార్జర్? ఇంట్లో పిల్లలు అన్నిటికంటే ఎక్కువ తిట్లు తినేది దీనికే. నిజానికి ఈ కాలపు తేలికపాటి చార్జర్ ఖాళీగా ఉన్నప్పుడు తీసుకునేది చాలా స్వల్పం. పాతకాలపు బరువైన అడాప్టర్లు వేరు. ఫోను లేకపోయినా ముట్టుకుంటే వెచ్చగా ఉంటే అది తింటున్నట్టే. పిల్లల్ని తిట్టే ముందు ఒకసారి టీవీ బల్ల వెనక్కి చెయ్యి పెట్టి చూడండి. వేడి అక్కడుంటుంది.

నేరమంతా ఇల్లాలిదీ ఇంటాయనదీ కాదు. ప్రమిద చేసినవాడిదీ ఉంది. అమెరికా శాస్త్రవేత్త అలన్ మయర్ ఏ వస్తువైనా స్టాండ్‌బైలో ఒక్క వాటుకు మించకూడదన్నాడు. 1999లో అంతర్జాతీయ ఇంధన సంస్థ ఆ మాట తలకెత్తుకుంది. ఐరోపా సమాఖ్య 2010 నుంచి దాన్ని చట్టం చేసింది: ఊరికే కాచుకున్న వస్తువుకు 1 వాటు, గడియారం లాంటిది చూపిస్తే 2. 2013లో వాటిని సగానికి తగ్గించింది. అందువల్ల కొత్త టీవీల ఆకలి బాగా తగ్గింది. అయితే ప్రమిద చిన్నదయ్యేసరికి మనం ప్రమిదలు పెంచాం. నాన్నగారి ఇంట్లో ఒక్క రేడియో. నా ఇంట్లో లెక్కపెడితే 14 ఎర్రచుక్కలు, నీలిచుక్కలతో కలిపి.

స్విచ్ ఆపితే టీవీ పాడవుతుందని మా పక్కింటాయన గట్టి నమ్మకం. దీపం ఆర్పితే అశుభమన్న ఆసామి మాటే ఇది. కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఆపొద్దని రాసి ఉంటే సరే, ఆపకండి. ఫ్రిజ్ జోలికి పోకండి. ఇంట్లో పెద్దవాళ్లకు ఆక్సిజన్ మిషన్ ఉంటే దానికి అసలు లెక్కే వద్దు. అవి గొడ్లసావిడి దీపాలు. మిగతావాటిలో టీవీ బల్ల దగ్గరవన్నీ ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించి ఒక్క స్విచ్‌తో పడుకోబెట్టొచ్చు. పొద్దున్న సెట్‌టాప్ బాక్సు తేరుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది. అవే పాతిక అడుగులు. అమెరికాలో మన పిల్లల ఇళ్లలో గోడ సాకెట్లకు చాలావాటికి స్విచ్చే ఉండదు, ప్లగ్గు పీకాలి. మనకు సాకెట్ పక్కనే స్విచ్ పెట్టి ఇచ్చారు. వేలు కదపడమే బరువైంది.

సెట్‌టాప్ బాక్సు ఊరికే తినే ఆ 73 యూనిట్లు నెలకు 6 చొప్పున పడతాయి. ఆరే కదా అనిపిస్తుంది. తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అర్హులైన ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు వస్తోంది. 200 దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాలి. 198 దగ్గర ఆగాల్సిన ఇంటిని 204కి లాక్కెళ్లేది ఆ ఆరే.

ఈ రాత్రి పడుకోబోయే ముందు, చిన్నకోడల్లా ఒకసారి ఇల్లు చుట్టి రండి. లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్ ఒక్క అయిదు నిమిషాలు ఆపి, మిగతావి ఎలా ఉన్నవి అలా వదిలేసి మీటరు దగ్గర నిలబడండి. దాని మీద ఎన్ని మెరుపులకు ఒక యూనిటో రాసి ఉంటుంది. అక్కడ 3200 అని ఉండి, చిన్న లైటు 45 సెకన్లకోసారి మెరుస్తుంటే మీ ఇల్లు నిద్రలో 25 వాట్లు తింటోందని లెక్క. ఏడాదికి 219 యూనిట్లు. చూసొచ్చాక ఫ్రిజ్ మళ్లీ వేయడం మరిచిపోకండి. నేను మరిచిపోయి పాలు విరగ్గొట్టుకున్నాను.