పగలు చికిత్స, రాత్రి ఇల్లు

మానసిక వ్యాధితో బాధపడుతున్న పెద్దవారిని ఇంట్లో దాచి ఉంచడము ప్రేమా, భయమా? మన సంఘములలో ఈ ప్రశ్న ఎవరూ పైకి అడగరు. అడిగితే ఫలానా ఇంటివారిని గూర్చే అడిగారని అందరికీ తెలిసిపోతుంది. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లోనో, బెంగుళూరులోనో, చెన్నైలోనో తాతల కాలము నుండి స్థిరపడిన వారమైనా, సంబంధములకు మనము ఇప్పటికీ నెల్లూరు, ఒంగోలు వైపే చూస్తాము. ఒక్క మాట అక్కడికి చేరితే చెల్లెలి పెండ్లి ఆగిపోతుందని అన్నను వెనుక గదిలో ఉంచి, అడిగినవారికి "ఊరికి వెళ్లాడు" అని చెప్పిన ఇండ్లు మనము ఎరుగనివి కావు.

ముందుగా ఒక సంగతి. తిండి, నిద్ర మాని, తనకో ఇతరులకో హాని చేసే స్థితిలో ఉన్నవానికి ఆసుపత్రి కావాలి. ప్రార్థన చేద్దాము, మందూ ఇప్పిద్దాము. చక్కెర వ్యాధికి ఇంజెక్షను వేయించుకొనే విశ్వాసి ఈ ఒక్క జబ్బుకు మాత్రము మందు వాడితే అవిశ్వాసమని ఎందుకు అంటాడో మాకు బోధపడదు. సాధారణముగా కొన్ని వారములలో ఉధృతము తగ్గుతుంది. డాక్టరుగారు చీటీ వ్రాసి ఇంటికి పంపుతారు. చిక్కు అక్కడ మొదలవుతుంది. ఇంటికి వచ్చిన మనిషి పొద్దుటి నుండి రాత్రి వరకు ఏమి చేయాలి? గోడవైపు తిరిగి పడుకొంటాడు. కొన్నాళ్లకు మందు మానేస్తాడు. మళ్లీ అదే ఆసుపత్రి, అదే మంచము.

ఈ చిక్కుకు ఒక దారి పగటి చికిత్స. 1933లో మాస్కోలో మంచములు చాలక రోగులను పగలు ఉంచుకొని రాత్రికి ఇంటికి పంపే ఆసుపత్రి ఒకటి మొదలైంది. లేమిలో పుట్టిన ఏర్పాటు తరువాత ఎన్నో దేశములకు పాకింది. మన దేశములోనూ 1950వ దశకములో అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ గారు ఆసుపత్రి ఆవరణలో గుడారములు వేయించి, రోగుల కుటుంబములను వారితోనే ఉంచారు. వెల్లూరు సి.ఎం.సి. వారి బాగాయము మానసిక ఆసుపత్రిలో ఇంటివారు రోగితో కూడ ఉండే పద్ధతి మన బంధువులలో అనేకులకు తెలుసు. బెంగుళూరు నిమ్హాన్స్‌లో బేకరీ, వడ్రంగము, కొవ్వొత్తుల తయారీ, తోటపని వంటివి నేర్పుతారు. చెన్నైలో 1984లో డాక్టర్ శారదా మీనన్ గారు స్థాపించిన స్కార్ఫ్ కూడా ఇట్టి పునరావాస పనికి పేరుపొందినదే. ఇట్టి చోట్ల ఉదయము వచ్చినవారు మందు వేసుకొన్నారో లేదో చూస్తారు. చేతికి పని ఇస్తారు. నలుగురిలో కూర్చొని మాట్లాడడము, చిల్లర లెక్క చూసుకోవడము, బస్సు ఎక్కి దిగడము తిరిగి అలవాటు చేస్తారు.

అయితే ఇది కుటుంబమును ఒకటి అడుగుతుంది. ఆసుపత్రిలో చేర్పించడము రాత్రివేళ ఆటోలో, ఎవరూ చూడకుండా జరిగిపోవచ్చును. పగటి చికిత్స అలా జరగదు. ప్రతి ఉదయము ఆ మనిషి టిఫిను డబ్బా పట్టుకొని మన వీధి మీదుగా బస్సు స్టాపుకు నడవాలి. పక్కింటివారు చూస్తారు. పాలవాడు అడుగుతాడు. "ఊరికి వెళ్లాడు" అన్న మాట ఇక చెల్లదు. అనేక ఇండ్లలో ఫీజు కంటె, దూరము కంటె పెద్ద అడ్డంకి ఇదేనని మా అభిప్రాయము.

గదికి తాళము వేసిన తల్లిని నిందించడము మాత్రము మాకు ఇష్టము లేదు. డెబ్బది ఏండ్ల ఆమె నలువది ఏండ్ల కుమారుని వెంట వీధిలో పరుగెత్తలేక తాళము వేస్తుంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో పాకకు నిప్పంటుకొన్నప్పుడు గొలుసులతో కట్టబడిన మానసిక రోగులు పారిపోలేక కాలిపోయారు. చనిపోయినవారు 28 మంది. వారిని అక్కడ విడిచి వెళ్లినవారిలోనూ ప్రేమ లేనివారే ఉన్నారని ఎలా చెప్పగలము? 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము గొలుసు వేయడమును పూర్తిగా నిషేధించింది, సమాజములో జీవించే హక్కును ఇచ్చింది. కాని చట్టము తల్లికి నిద్ర ఇవ్వదు. రోజుకు ఆరేడు గంటలు వేరొకరు చూచుకొంటే ఆమె ఇంత అన్నము తిని, కాసేపు నడుము వాలుస్తుంది. పగటి కేంద్రము ఆమెకు కూడ చికిత్సే.

కొందరు ఇంకొక మాట అంటారు: "బడిపంతులుగా చేసినవాడు కాగితపు కవర్లు అంటించాలా?" ఇందులో నిజము ఉన్నది. తగని పనిలో కూర్చోబెట్టడము కాలక్షేపమే. అట్టి కేంద్రములు లేకపోలేదు, మార్చమని అడగాలి. అయితే అవమానము కవరులో ఉన్నదా, మన చూపులో ఉన్నదా? ఆ పనికి వచ్చే కొద్ది రూపాయలు ఆయన చేతికే రావాలి. వాటిని ఇంటి ఖర్చులో కలిపివేసేవారిని చూచితే మాకు కోపము వస్తుంది. ఆ డబ్బుతో ఆయన టీ త్రాగనీ, తమ్ముని బిడ్డకు బిస్కెట్లు కొననీ.

గెరాసేనుల దేశములో సంకెళ్లు తెంపుకొన్న మనుష్యుని మనము తరచు ప్రసంగములలో వింటాము. స్వస్థమనస్సు పొందిన తరువాత అతడు ప్రభువుతో వెళ్లాలని కోరగా, ఆయన అతనిని తన ఇంటివారి యొద్దకే పంపాడు. సమాధులలో అతనిని చూచి భయపడిన ఊరికే తిరిగి వెళ్లాలి. ఆ ఊరివారు తలుపు తీశారా అని మన ప్రసంగములలో ఎవరూ అడుగగా మేము వినలేదు.

మన వారికి ఇంకొక ఇబ్బంది ఉన్నది. కేంద్రములో మాటలు కన్నడములోనో, తమిళములోనో జరుగుతాయి. బజారు మాటలు మనకు ఆ భాషలలో వస్తాయి. భయము మాత్రము తెలుగులోనే వస్తుంది. వారమునకు ఒక పూట వెళ్లి తెలుగులో కబుర్లు చెప్పి, సాయంత్రము బస్సులో వెంట తిరిగివచ్చే ఇద్దరు ముగ్గురు సంఘములో ఉంటే చాలా పని జరుగుతుంది. ఉపదేశము అక్కరలేదు. క్రికెట్టు స్కోరు చెప్పినా చాలును.

ఆయనకే వెళ్లడము ఇష్టము లేకపోతే? బలవంతము ఎంతవరకు న్యాయము? మాకు ఇది అన్నిటికంటె కష్టమైన ప్రశ్న. ఆ చట్టములోనే ఒక వెసులుబాటు ఉన్నది. మనస్సు నిలకడగా ఉన్న రోజులలో, జబ్బు తిరగబెడితే తనకు ఎట్టి చికిత్స కావాలో, ఎట్టిది వద్దో, తన తరపున ఎవరు మాట్లాడాలో పెద్దవారు ముందుగా వ్రాసి ఉంచుకోవచ్చును. ఆ కాగితము వ్రాయాలంటే ఇంట్లో ఎవరో ఒకరు ఆయన ప్రక్కన కూర్చొని, "నీకు ఏమి కావాలి, అన్నా?" అని అడిగి, జవాబు వచ్చేవరకు కాచుకోవాలి.