అడగకముందే తెరిచిన దారి

పద్మనాభస్వామి కొలువున్న పద్మనాభం కొండకి వెయ్యికి పైనే మెట్లు. ఎక్కేవాళ్ళ ఒంట్లోంచి చెమటతో పాటు ఉప్పూ పోతుంది. అందుకే దిగొచ్చినవాళ్ళకి ఇంట్లో పెద్దవాళ్ళు ఉప్పేసిన మజ్జిగ ఇస్తారు. ఆ గుక్క గొంతు దిగాక ఏమవుతుందో ఈ పూట ధ్యానించుకుందాం.

పేగులోని ప్రతి కణం చుట్టూ రెండు వరసల కొవ్వుతో అల్లిన పలచని పొర ఉంటుంది. ఆక్సిజన్ దాన్ని ఇట్టే దాటేస్తుంది. ఉప్పులోని సోడియానికి, గ్లూకోజుకి అది సాధ్యం కాదు. పొరలో ఇమిడిన ప్రోటీన్లే వాటికి దారివ్వాలి. అందులో ఒక ప్రోటీను సోడియం తోడుంటేనే గ్లూకోజుని లోపలికి తీసుకుంటుంది. రెండూ కలిసి వెళ్తే వెనకే నీరూ వెళ్తుంది. కలరా సోకి పేగు నీళ్ళన్నీ వదిలేస్తున్నా ఈ ఒక్క దారి మాత్రం మూసుకుపోదు! 1971లో పశ్చిమ బెంగాల్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు తాగించి ఎందరినో బతికించింది ఆ దారి గుండానే. మన ఓఆర్‌ఎస్ పొట్లం అదే.

అయితే సోడియం లోపలికి రావాలంటే లోపల అది తక్కువగా ఉండాలి. కణం దాన్ని అవతలి వైపు నుంచి తోడిపోస్తూనే ఉంటుంది: మూడు సోడియం అయాన్లు బయటికి, రెండు పొటాషియం అయాన్లు లోపలికి. విడతకి, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువు ఒకటి ఖర్చు. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో తోటి శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి కనుగొన్నది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. తిన్నది పేగుకి పట్టనివ్వని స్ప్రూ జబ్బు ఆయన తోబుట్టువులను పొట్టన పెట్టుకుంది. ఈ రెండు సంగతులూ కలిపి తలచుకున్నప్పుడల్లా నాకు చేతులు వాటంతటవే జోడవుతాయి.

ఈ తోడివేతను మనం అడగలేదు, ఎవరూ మనకి నేర్పలేదు. నిద్రలోనూ ఆగదు. స్వామి దయ కోసం కొండెక్కుతున్నాం గానీ, ఆ ఎక్కే కాళ్ళలో అది ముందునుంచే పనిచేస్తోంది.

పద్మనాభా, ఈ రాత్రి విరేచనాలతో సోలిపోతున్న పసివాళ్ళ పేగుల్లో ఆ దారి తెరిచే ఉంచు. పొట్లం దొరకని ఇంట్లో, లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో సమంగా కొలిచిన ఆరు టీ చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపాలని ఆ ఇంటివాళ్ళకి వేళకి గుర్తుచెయ్యి.